మహారాజశ్రీ రీస్టార్ట్ గారికి

మహారాజశ్రీ రీస్టార్ట్ గారి దివ్య సముఖానికి,

బెంగళూరు మారతహళ్లిలోని ఒక తెలుగు పీజీ మూడో అంతస్తు నుంచి పార్ట్‌టైమ్ నెట్‌వర్క్ అడ్మిన్ నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, ఇక్కడ కుశలం అనేది మీరు వచ్చి వెళ్లాక కాసేపే ఉంటోంది.

నేను చదివింది బీకాం. చేసేది బిల్లింగ్. రెండేళ్ల కిందట మా పీజీ ఓనరన్న ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం లాగి ఇచ్చాను, అంతే. "తమ్ముడికి కంప్యూటర్లు బాగా వచ్చు" అని ఆయన నెల్లూరు దాకా చాటేశాడు. వైఫై చూసుకుంటే అద్దెలో 500 తగ్గిస్తానన్నాడు. ఒప్పుకున్నాను. మీతో పరిచయం ఆ రోజే. వైరు పీకు, పది లెక్కపెట్టు, మళ్లీ పెట్టు. మా నాయనమ్మ తలనొప్పికీ నడుము నొప్పికీ జలుబుకీ ఒకే అమృతాంజనం రాసేది. మీరూ అంతే. నెట్ స్లోగా ఉన్నా మీరే, అసలు లేకపోయినా మీరే, ఎవరి ఫోన్‌లోనో రీచార్జి అయిపోయినా మీరే. కంపెనీకి ఫోన్ చేస్తే అక్కడా మీ భక్తులే: "ఒందు సల ఆఫ్ మాడి ఆన్ మాడి సార్."

మీ మహిమ కాదనను. పాత రౌటర్ మెమరీ నిండిపోయి దిమ్మెక్కి కూర్చున్నప్పుడు మీరే దిక్కు. నా గొడవ వేరే. మీరు రోగంతో పాటు రోగి చీటీ కూడా చించేసి వెళ్తారు. రౌటర్ తన లాగ్ అనే డైరీలో ఏం రాసుకుందో, ఎవరి యంత్రానికి ఏ నంబరు అడ్రస్‌గా ఇచ్చిందో, ఎంతసేపటి నుంచి మెలకువగా ఉందో, మీరు గుమ్మం తొక్కగానే అన్నీ మాయం. దొంగ పారిపోయాక ఇల్లంతా కడిగేసి "ఇప్పుడు వెతకండి" అన్నట్టు ఉంటుంది మీ వ్యవహారం.

మా మూడో అంతస్తులో అమెరికా కంపెనీకి రాత్రి షిఫ్ట్ చేసే కుర్రాడు ఒకడున్నాడు. సరిగ్గా రాత్రి 10 గంటలకు లాప్‌టాప్ తెరుస్తాడు, 10 గంటల 2 నిమిషాలకు నా తలుపు కొడతాడు. "అన్నా, నెట్ రావట్లేదు." నేను చెప్పులేసుకుని కిందికి దిగి మిమ్మల్ని పిలుస్తాను. వాడికి వచ్చేస్తుంది. మర్నాడు మళ్లీ అదే. ఇలా నాలుగు నెలలు! నాలుగు నెలల్లో ఒక్క రాత్రి కూడా "వీడికే ఎందుకు?" అనే ఆలోచన రానివ్వలేదు మీరు. పని అయిపోతుంటే ఎవడు ఆలోచిస్తాడు?

ఒక రాత్రి వాన. మెట్లు దిగబుద్ధి కాలేదు. నేను నేర్చుకున్నదంతా ఆ బద్ధకం పెట్టిన భిక్షే. వాడి లాప్‌టాప్‌లో నల్ల కిటికీ తెరిచి, యంత్రం అడ్రస్ చూపించే ఐపీకాన్ఫిగ్ అనే ఆదేశం కొట్టాను. మా రౌటర్ ఇచ్చే అడ్రస్‌లన్నీ 192.168.1 తో మొదలవుతాయి. వాడికి 169.254 తో మొదలయ్యేది కనిపించింది. అంటే ఏమిటా అని ఫోన్‌లో వెతికితే అర్థమైంది: అడ్రస్ ఇచ్చేవాడు ఎవడూ పలక్కపోతే యంత్రం తనకు తానే పెట్టుకునే నంబరట అది. మండపంలో విడిది గది దొరక్క వరండాలో తువ్వాలు పరుచుకున్న చుట్టం లాంటిది.

వైఫై సిగ్నల్ నిండుగా ఉంది. రౌటర్ బతికే ఉంది. మరి అడ్రస్ ఎందుకివ్వలేదు? నా ఫోన్‌లో రౌటర్ పేజీ తెరిచాను. అడ్రస్‌లు పంచిపెట్టే డీహెచ్‌సీపీ పట్టికలో చివరి నంబరు 100 నుంచి 199 దాకా అని రాసి ఉంది. మొత్తం 100 అడ్రస్‌లు. ఒక్కొక్కటి 24 గంటలకు రాసిచ్చేస్తుంది, మనిషి ఆఫీసుకు పోయినా అది వాడి పేరునే ఉంటుంది. మా పీజీలో 58 మంది. ఫోనూ లాప్‌టాపూ కలిపి 116. హాల్లో టీవీ, ఓనరన్న కెమెరాల రికార్డర్ కలిపితే 118. బిల్లింగ్ చేసేవాణ్ణి, కూడికలు నాకొచ్చు. 18 మందికి ఆకు లేదు.

ఇప్పుడు చెప్పండి, ఇన్నాళ్లూ మీరు చేసిందేమిటి? పట్టిక చెరిపేశారు. దగ్గర్లో మెలకువగా ఉన్నవాడు ముందు వెళ్లి కూర్చున్నాడు. నిద్రపోతున్న ఇంకెవడికో కుర్చీ పోయింది, వాడు పొద్దున "నెట్ రావట్లేదన్నా" అన్నాడు, నేను మళ్లీ మిమ్మల్నే పిలిచాను. మీరు చేసింది వైద్యం కాదు మహాప్రభో, కుర్చీలాట.

ఆ రాత్రే పట్టికను 20 నుంచి 250 దాకా పెంచి, గడువు 4 గంటలకు తగ్గించాను. కెమెరాల రికార్డర్‌కు 10 నంబరు శాశ్వతంగా ఇచ్చాను. ఆ కుర్రాడు ఆ రాత్రి నుంచి నా తలుపు కొట్టలేదు. కొంచెం వెలితిగానే ఉంది, వాడు వస్తూ వస్తూ మిక్చర్ తెచ్చేవాడు.

అప్పట్నుంచి మిమ్మల్ని పిలిచే ముందు పింగ్‌ను పిలుస్తున్నాను. 1983 డిసెంబర్‌లో మైక్ మూస్ అనే ఆయన, తన నెట్‌వర్క్ తిక్కతిక్కగా ప్రవర్తిస్తుంటే, అవతలి యంత్రం పలుకుతుందో లేదో చూడ్డానికి రాసుకున్న చిన్న ప్రోగ్రాం అది. జలాంతర్గాములు సముద్రంలోకి శబ్దం వదిలి ప్రతిధ్వని వింటాయి కదా, ఆ శబ్దం పేరే పెట్టాడు. ముందు 192.168.1.1 ని పిలుస్తాను. అది మన గుమ్మం. పలక్కపోతే తప్పు ఇంట్లోనే. పలికితే 8.8.8.8 ని పిలుస్తాను, అది గూగుల్ వాళ్ల యంత్రం, ఊరవతల. మొన్నొక సాయంత్రం క్రికెట్ మ్యాచ్ మధ్యలో పీజీ అంతా నెట్ చచ్చిపోయిందని గోల. 8.8.8.8 మాత్రం నిక్షేపంగా పలుకుతోంది. నంబరుతో పిలిస్తే పలుకుతూ పేరుతో పిలిస్తే పలక్కపోతే అది డీఎన్‌ఎస్ తంటా, అంటే సైటు పేరు చెబితే దాని నంబరు వెతికిచ్చేవాడి తంటా. మనిషి ఇంట్లోనే ఉన్నాడు, దారి చెప్పే కొట్టువాడే షాపు కట్టేశాడు. రౌటర్‌లో డీఎన్‌ఎస్ నంబరు మార్చాను, రెండు ఓవర్లలో పని అయిపోయింది. అప్పటికే వాచ్‌మన్ అన్న ప్లగ్ మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. అంతటి భక్తి మీ మీద!

ఓనరన్న ఆఫీసు గది కంప్యూటర్‌కు 1000 ఎంబీపీఎస్ రావాల్సిన వేగం 100 దగ్గరే ఆగితే కూడా మిమ్మల్నే మొక్కాం, వారం రోజులు. చివరికి ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డు వెళ్లి, కేబుల్‌కు కనెక్టర్ బిగించే క్రింపింగ్ టూల్, పది కనెక్టర్లు కొనుక్కొచ్చి కేబుల్ పాత చివర కత్తిరించి చూస్తే గోధుమరంగు తీగ లోపలే తెగి ఉంది. 100 వేగానికి నాలుగు తీగలు చాలు, 1000కి ఎనిమిదీ కావాలి. మూడు కనెక్టర్లు పాడుచేశాక నాలుగోది కుదిరింది. తెగిన తీగకు మీ దర్శనం వల్ల ఏం పుణ్యం?

కాబట్టి నా విన్నపం ఒక్కటే. రండి, కాదనను. పిలిచాక రండి. మీరు చెరిపేసే ఆ లాగ్, అడ్రస్‌లు, మెలకువ టైము నేను ఒక కాగితం మీద రాసుకునేదాకా గుమ్మంలో ఆగండి.

ఇట్లు,
ఇకపై తమ భక్తుడు కాని
పార్ట్‌టైమ్ అడ్మిన్

తా.క.: ఒక చిక్కు మిగిలింది. రోజూ పొద్దున 7 దాటాక నెట్ మూడు నిమిషాలు పోతోంది. రౌటర్ ఎంతసేపటి నుంచి మెలకువగా ఉందో చూస్తే, రోజూ 7 గంటల 13 నిమిషాలకే నిద్ర లేస్తోంది. ఈ రోజు ఆ టైముకు కిందికి దిగి చూశాను. వంట అక్క రౌటర్ ప్లగ్ పీకి మిక్సీ పెట్టింది. ఇదేంటక్కా అంటే, "పల్లీ చట్నీ కావాలా, నెట్ కావాలా తమ్ముడూ?" అంది.

చట్నీయే అన్నాను.