పిల్లలకి బొమ్మలేసినందుకు పద్మశ్రీ ఇచ్చారట!

ఎవరో ఒకరు అనాలి కాబట్టి నేనే అంటున్నా. చందమామలో బొమ్మలేసిన శంకర్ గారి మీద ఇంతవరకు ఒక్క విచారణ కూడా జరగలేదు. మద్రాసు ఆర్ట్ స్కూల్లో శుభ్రంగా చదువుకున్న మనిషి, 1950ల మొదట్లో పత్రికలో చేరి దాదాపు అరవై ఏళ్లు పిల్లలు చూసుకోడానికి బొమ్మలేస్తూ కూర్చుంటే, ఆపాల్సింది పోయి 2021లో పద్మశ్రీ ప్రకటించారు. అదీ ఆయన పోయాక.

ఆ విక్రమార్కుడి బొమ్మే తీసుకోండి. చేతిలో కత్తి, భుజాన శవం, చుట్టూ శ్మశానం. అందులో ఎక్కాలున్నాయా? పోనీ చెట్టు మీద 'టి ఫర్ ట్రీ' అనైనా రాశాడా? లేదే. పిల్లాడు మొదట జడుసుకుంటాడు, తర్వాత వేళ్ల సందుల్లోంచి చూస్తాడు, ఆ తర్వాత రాజు మీసం, కత్తి పిడి, శవం జుట్టు ఒక్కొక్కటీ చూస్తూ కూర్చుంటాడు, ఈలోగా కంచంలో అన్నం చల్లారిపోతుంది. నేర్చుకున్నది సున్నా. నెల తిరిగేసరికి మళ్లీ అదే బొమ్మ, మళ్లీ అదే చూపు.

ఆయనొక్కడే అయితే సర్దుకుపోయేవాళ్లం. శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య గారు 'వపా' అని సంతకం పెట్టి, ఏకంగా అట్ట మీదే పిల్లల్ని ఆపేసేవారు. ఇక లోపలి పేజీలు ఎప్పుడు తిప్పాలి, హోంవర్క్ ఎప్పుడు చెయ్యాలి? ఈ పత్రికని నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో, అంటే స్వాతంత్ర్యం ఇంకా చేతికి రాకముందే మొదలుపెట్టారు. అంత తొందరేమిటో!

ఇప్పుడు ఎంత పద్ధతిగా ఉందో చూడండి. ప్లేస్కూల్ గోడ మీద ఏనుగుందంటే దాని పొట్ట మీద 'ఇ' అని ఇంగ్లీషు అక్షరం ఉండి తీరుతుంది. డ్రాయింగ్ పోటీ పెడితే ఆరేళ్ల పిల్ల ఏడుస్తున్న భూగోళాన్ని గీసి, దాని నోట్లో థర్మామీటర్ పెట్టి, "గ్లోబల్ వార్మింగ్ అంకుల్" అని జడ్జికి అప్పజెబుతుంది. పక్కన పిల్లిని గీసిన వాడికి కన్సొలేషన్ ప్రైజ్ కూడా రాదు, పిల్లి వల్ల సమాజానికి మెసేజ్ ఏముంది గనక! హైస్కూల్లో అయితే డ్రాయింగ్ పీరియడ్ టైమ్ టేబుల్లో ఉంటుంది, ఆ పీరియడ్లో లెక్కల సారుంటాడు.

అయితే పాత బొమ్మల్ని తగలబెట్టమని నేననను, అంత కఠినాత్ముణ్ణి కాదు. విక్రమార్కుడి కింద ఒక ప్రశ్న అచ్చేస్తే చాలు: శవం బరువు 60 కిలోలు, రాజు నడక గంటకు 4 కిలోమీటర్లు, శ్మశానం 6 కిలోమీటర్లు, సగం దారిలో శవం ఎగిరిపోయి మళ్లీ చెట్టెక్కితే రాజుకి మొత్తం ఎంత టైమ్ వేస్టయింది? నాలుగు ఆప్షన్లు, తప్పుకి నెగటివ్ మార్కు. జవాబు తెలిసీ వదిలేసిన వాణ్ణి ఏం చెయ్యాలో బేతాళుడు ముందే చెప్పేశాడు కాబట్టి ఆ రూలు మాత్రం యథాతథంగా ఉంచేద్దాం.