సవరణ: క్రొయేషియాలో సందేశ్ ఝింగన్

భారత ఫుట్‌బాల్ డిఫెండర్ సందేశ్ ఝింగన్ క్లబ్బులు మారుతూ సాగించిన ప్రయాణం గురించి ఇదివరకు రాసిన టపాలో, ఆయన 2021లో క్రొయేషియా అగ్రశ్రేణి లీగ్‌లో హెచ్ఎన్‌కే షిబెనిక్ తరఫున ఆడారని పేర్కొన్నాను. అది తప్పు; ఒప్పందం కుదిరిన వార్త చూసి, మ్యాచ్‌ల వివరాలు సరిచూసుకోకుండానే రాశాను.

ఆ ఏడాది ఆగస్టులో ఏటీకే మోహన్ బగాన్ నుంచి ఆయన షిబెనిక్‌కు వెళ్లిన మాట నిజమే కానీ, గాయాల వల్ల అక్కడ ఒక్క మ్యాచ్‌లోనూ బరిలోకి దిగకుండానే 2022 జనవరిలో పాత క్లబ్బుకు తిరిగివచ్చారని అప్పటి పత్రికా కథనాలు స్పష్టంగా చెబుతున్నాయి. కాబట్టి క్లబ్బులవారీగా ఆడిన మ్యాచ్‌ల నా పట్టికలో షిబెనిక్ పేరు ఎదుట ఉండవలసిన అంకె సున్నా. ఎంతో ఆశతో వెళ్లిన ఆటగాడి విషయంలో ఈ తేడా చిన్నది కాదు.

ఆ తర్వాత 2022లో బెంగళూరు ఎఫ్‌సీకి, 2023లో ఎఫ్‌సీ గోవాకు మారారన్న వివరాల్లో మార్పు లేదు.