లీఫ్స్ జట్టుకు పంచాంగ శ్రవణం

టొరంటో మేపుల్ లీఫ్స్ ఐస్ హాకీ జట్టు ఎందుకు ఓడిపోతుందన్న ప్రశ్నకు కెనడాలో ఇప్పటివరకు గోలీ (గోల్‌కీపర్) బలహీనత, డిఫెన్స్ లోపం, కోచ్ మొండితనం వంటి సమాధానాలు చాలానే వచ్చాయి. గోలీలను మార్చారు, డిఫెన్స్‌ను మార్చారు, కోచ్‌లను మార్చారు. ఓటమి మాత్రం మారలేదు. టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌లో కాపురముంటూ, ఇక్కడే పుట్టిన కొడుకు పుణ్యమా అని ఈ జట్టుకు అభిమానినైన తెలుగువాణ్ని కాబట్టి, నిపుణులకు కొరుకుడు పడని ఈ సమస్యను మన పద్ధతిలో పరిశీలించవలసిన బాధ్యత నా మీద ఉందని భావిస్తున్నాను. పైగా ఉగాది వెళ్లిన కొద్ది వారాలకే, నేషనల్ హాకీ లీగ్ విజేతను తేల్చే స్టాన్లీ కప్ ప్లేఆఫ్స్ మొదలవుతాయి కనుక, పంచాంగ శ్రవణానికి ఇంతకన్నా తగిన జట్టు మరొకటి లేదు.

ఆదాయం 14. ఇందులో వివాదానికి తావు లేదు; నేషనల్ హాకీ లీగ్ జట్లలో అత్యంత విలువైనది ఇదేనని 2024లో ఫోర్బ్స్ పత్రిక లెక్కగట్టింది. వ్యయం కూడా 14 అనే చెప్పాలి. 2024-25లో ఒక్కో జట్టు జీతాల పరిమితి 8.8 కోట్ల డాలర్లు కాగా, లీఫ్స్ అందులో సగానికి పైగా ఆస్టన్ మాథ్యూస్, విలియం నైలాండర్, జాన్ టవారెస్, మిచ్ మార్నర్ అనే నలుగురికే సమర్పించుకుంది. పెళ్లి ఖర్చులో సగం నాలుగు రకాల మిఠాయిలకు పోసి, పప్పులోకి ఉప్పు పక్కింట్లో అడిగినట్టన్నమాట.

రాజపూజ్యం తక్కువేమీ కాదు. 2021-22 సీజన్‌లో 115 పాయింట్లతో ఈ జట్టు తన చరిత్రలోనే రికార్డు సృష్టించింది. 2023-24లో మాథ్యూస్ ఒక్కడే 69 గోల్స్ కొట్టాడు. అయితే ప్లేఆఫ్స్‌కు ముందు జరిగే లీగ్ దశకే పరిమితమైన ఈ పూజలన్నీ అక్టోబరులో మొదలై ఏప్రిల్ మధ్యకల్లా ముగిసిపోతాయి.

ఇక అవమానం. పంచాంగంలో ఈ అంకె ఏడుకు మించి ఉండదన్న సంగతి పాఠకులకు తెలిసిందే. ప్లేఆఫ్స్‌లో ఒక్కో సిరీస్‌కు ఏడు మ్యాచ్‌లకు మించి ఉండవన్న సంగతి మాత్రం కొందరికి తెలియకపోవచ్చు. ముందుగా నాలుగు గెలిచినవారిదే సిరీస్. చెరి మూడు గెలిస్తే ఏడో మ్యాచ్ తేలుస్తుంది. 2013 నుంచి 2025 వరకు లీఫ్స్ సరిగ్గా ఏడు సార్లు ఏడో మ్యాచ్ ఆడింది, ఏడూ ఓడింది. అందులో నాలుగు సార్లు ప్రత్యర్థి బోస్టనే. ఏడు అనే అంకెకూ ఏడుపుకూ ధాతువు ఒకటేనంటే భాషాశాస్త్రజ్ఞులు ఒప్పుకోరు. వారెవరూ మా హాల్లో సోఫా మీద కూర్చుని 2013 నాటి ఏడో మ్యాచ్ చూసి ఉండరు. చివరి భాగంలో 4-1 ఆధిక్యంలో ఉన్న జట్టు, ముందు ఒక గోల్, ఆట ముగియడానికి ఒక నిమిషం 22 సెకన్లు ఉందనగా మరో గోల్, 51 సెకన్లు ఉందనగా ఇంకో గోల్ ఇచ్చి, ఓవర్‌టైంలో 5-4తో ఓడిపోయింది. 2021లో మాంట్రియల్ మీద 3-1 ఆధిక్యం సంపాదించి, దాన్ని భద్రంగా తిరిగి అప్పగించింది. 2025లో ఫ్లోరిడా మీద మొదటి రెండు మ్యాచ్‌లు గెలిచాక, సొంత మైదానంలో ఐదో మ్యాచ్‌ను 6-1తోనూ, ఏడో మ్యాచ్‌ను మళ్లీ అదే 6-1తోనూ ఓడింది. ఓటమిలో ఇంతటి నిలకడ సాధన లేకుండా రాదు.

ఏడో మ్యాచ్ కాకపోయినా 2020 ఫిబ్రవరి 22 నాటి ఘట్టాన్ని అనుబంధంగా చేర్చక తప్పదు. ఆ రాత్రి కెరొలైనా గోలీలు ఇద్దరూ గాయపడగా, అత్యవసరమైతే ఏ జట్టుకైనా ఆడేందుకు ఆతిథ్య జట్టు సిద్ధంగా ఉంచిన గోలీ, ఒకప్పుడు మంచును నున్నగా చేసే జాంబోనీ బండి నడిపిన 42 ఏళ్ల డేవిడ్ అయర్స్ బరిలోకి దిగాడు. లీఫ్స్ అనుబంధ జట్టు సాధనకు సాయం చేసే మనిషే ఆయన. మొదటి రెండు షాట్లూ గోల్ అయ్యాయి. తరువాతి ఎనిమిదీ ఆయన ఆపేశాడు, కెరొలైనా 6-3తో గెలిచింది. మనం జీతమిచ్చే నలుగురు మహారథుల కన్నా మనం పిలిపించిన మనిషి బాగా ఆడాడన్నది టొరంటో పొరుగువాడిగా నాకు గర్వకారణం.

దీన్ని ఏలినాటి శని అని సరిపెట్టుకుందామంటే, అది ఏడున్నరేళ్లకు వదిలిపోతుంది. లీఫ్స్ చివరిసారి కప్పు గెలిచింది 1967లో, మనిషి చంద్రుడి మీద ఇంకా కాలు మోపకముందు. 2025 నాటికి 58 ఏళ్లంటే, ఏడు ఏలినాటి శనులు పూర్తయి ఎనిమిదోది నడుస్తున్నట్టు. శాంతికి దానం చేయాలంటారు కనుక, 2025 వేసవిలో మార్నర్‌ను లాస్ వేగాస్‌కు పంపారు. ప్రతిగా నికొలా రోయ్ అనే ఆటగాణ్ని తీసుకున్నందున శాస్త్రప్రకారం అది మారకమే తప్ప దానం కాదు. అసలు విచిత్రమేమిటంటే స్టాన్లీ కప్పుకు చిరునామా టొరంటోనే. ఆ కప్పును ఉంచే హాకీ హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్నది ఈ ఊళ్లోనే, లీఫ్స్ మైదానానికి కొద్ది నిమిషాల నడక దూరంలో. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఈ మధ్య మా అబ్బాయితో పాత మేపుల్ లీఫ్ గార్డెన్స్‌కు వెళ్లాను. 1967 మే 2న మాంట్రియల్‌ను ఓడించి కప్పు అందుకున్నది ఆ భవనంలోనే. ఇప్పుడు కింది అంతస్తు సూపర్‌మార్కెట్. ఒకప్పటి మంచు మైదానానికి నడిమధ్య ఎక్కడో తెలిసేలా నేల మీద ఎర్ర చుక్క వేసి ఉంచారు. నా ట్రాలీ చక్రం సరిగ్గా దాని మీదకు ఎక్కబోతుంటే, మా వాడు చటుక్కున హ్యాండిల్ పట్టుకుని పక్కకు తిప్పాడు. సంచీ పాలు, కొత్తిమీర కట్ట తీసుకుని బిల్లు కట్టే వరసలో నిలబడ్డాం. వాడి తెలుగంతా వాళ్ల నాయనమ్మ దగ్గర నేర్చుకున్నది. వెనక్కి తిరిగి ఆ చుక్కను మరోసారి చూసి, "వచ్చే ఏడు తప్పకుండా, నాన్నా" అన్నాడు.

ఏ ఏడు అని నేను అడగలేదు.