అత్తే అమ్మమ్మ అయిన ఇంట్లో తప్పు ఎవరిది?

తిరుపతిలో ఒక ఆస్పత్రి వార్డు. నాలుగేళ్ల పిల్లోడికి రక్తం ఎక్కుతోంది. సూది కదలకుండా చేతి కింద అట్టముక్క పెట్టి ప్లాస్టర్ చుట్టారు. ఆ చేతిని తల్లి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తలసీమియా, అంటే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టుజబ్బు. మూడు వారాలకోసారి పుంగనూరు వైపు నుంచి బస్సులో వస్తారు. ఆమె చేసుకున్నది సొంత మేనమామను. అంటే అత్తగారు అమ్మమ్మే. "నా కడుపులోనే దోషం ఉందంటాది సార్, మా అమ్మమ్మ" అంది.

మేనరికం మంచిదా చెడ్డదా అన్న వాదన మనకు కొత్త కాదు. ముందు ఈ నింద సంగతి తేల్చాలి.

తలసీమియా రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, లోపమున్న జన్యువులు రెండూ బిడ్డకు చేరాలి. ఒక్కటే ఉన్నవాళ్లు క్యారియర్లు. వాళ్లకు పెద్ద ఇబ్బందేమీ ఉండదు, ఉన్నట్టు కూడా తెలియదు. "మేమిద్దరం బాగానే ఉన్నాం కదా" అన్న ధైర్యం అందుకే పనికిరాదు. ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదనుకోవడానికి లేదు.

ఇప్పుడు ఆ ఇంటికే వద్దాం. భర్తకు ఆ జన్యువు తన అమ్మానాన్నల్లో ఒకరి నుంచి వచ్చింది. భార్యకు? చాలావరకు తన తల్లి నుంచే. ఆ తల్లి అతనికి అక్క. అక్కకు ఎక్కడిది? అదే అమ్మానాన్నలది. మేనమామ, మేనకోడళ్ల జన్యువుల్లో నాలుగో వంతు ఉమ్మడి, బావామరదళ్లకు ఎనిమిదో వంతు. ఆ ముసలి దంపతుల దగ్గర బయల్దేరిన ఒకే జన్యువు కొడుకు వైపు నుంచి ఒకసారి, కూతురి వైపు నుంచి ఒకసారి వచ్చి ఈ పిల్లోడిలో కలిసింది. నింద మాత్రం మనవరాలి మీద! అమ్మమ్మను తిట్టమని కాదు, పాపం ఆమెకేం తెలుసు.

గోత్రం చూశాం కదా అంటారు. గోత్రం తండ్రి వైపే నడుస్తుంది. మేనమామ కూతురి గోత్రం వేరు, తాతా అవ్వా మాత్రం ఒకటే.

మేనరికం చేసుకున్న చాలామందికి పిల్లలు ఆరోగ్యంగానే పుట్టారు కదా అంటే, నిజమే. తెలిసిన ఇల్లు, ఆడపిల్లకు ధీమా. ఆచారం ఉన్నచోట 1955 హిందూ వివాహ చట్టం కూడా ఒప్పుకుంది. నేను మానేయమనడం లేదు, పెళ్లికి ముందు రక్త పరీక్ష చేయించమంటున్నాను. బయటి సంబంధమైనా సరే. సైప్రస్‌లో పెళ్లికి ముందు పరీక్షను అలవాటు చేశాక తలసీమియాతో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా పోయారు. మనం జాతకాలకు పెట్టే టైమ్‌లో ఇది అయిపోతుంది.

కానీ ఆ పరీక్షకు మగవాడు రావాలి కదా! పిల్లలు పుట్టకపోతే కోడలిది, ఆడపిల్ల పుడితే కోడలిది, జబ్బు పిల్లోడు పుడితే కోడలిది. ఆడో మగో తేల్చేది తండ్రి కణమేనని స్కూల్లో చదివినవాళ్లు కూడా ఇంట్లో నోరు తెరవరు. డాక్టర్ రమ్మంటే భార్యను ఒక్కదాన్నే పంపుతారు. నాకు కోపం తెప్పించేది ఇదే.

ఆమె చెల్లెలికి పెద్దమామ కొడుకుతో సంబంధం ఖాయమైంది. ఆ ఇద్దరికీ పరీక్ష చేయించమని డాక్టర్ రాసిచ్చిన చీటీ ఆమె పర్సులో మడతపెట్టి ఉంది. ఇంట్లో ఎవరికివ్వాలి సార్ అని అడిగింది. మీ ఆయన చేతికే ఇవ్వమ్మా, ఆయన్నే చదివి వినిపించమను అన్నాను.