అమ్ముడుపోయే నేలకే నిధులైతే వరంగల్ నాలాల మాటేమిటి?

2016లో వరంగల్ చేరిన స్మార్ట్ సిటీ మిషన్ 2025 మార్చితో ముగిసింది. అందులో కేంద్రం, రాష్ట్రం చెరి సగం పెట్టుకోవాలి. ఇప్పుడు లెక్క మారింది. 2025–26 బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించిన లక్ష కోట్ల అర్బన్ ఛాలెంజ్ ఫండ్‌లో నగరాల పునరభివృద్ధికి కూడా చోటుంది. కానీ ప్రాజెక్టు ఖర్చులో కేంద్రం ఇచ్చేది పావు వంతుకు మించదు. కనీసం సగం బాండ్లు, బ్యాంకు రుణాలు, ప్రైవేటు భాగస్వామ్యంతో తెచ్చుకోవాలి.

బ్యాంకు అప్పు తీరాలంటే ఆ నేల మీద ఆదాయం రావాలి. అంటే గజం ధర బాగా పలికే చోటే ముందు ఎంపికవుతుంది. ఇది వరంగల్‌కు కొత్త అనుభవమేమీ కాదు. 1934లో నిజాం కాలంలో మొదలైన ఆజంజాహి మిల్లు 2002లో మూతపడింది. నగరం నడిబొడ్డున అంత విశాలమైన స్థలం మళ్లీ దొరకదు. అందులో కొంత కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా) తీసుకుని, ‘ఓ సిటీ’ పేరుతో ప్లాట్లు చేసి అమ్మింది. మిల్లునే నమ్ముకున్న కార్మికులు మాత్రం ఇళ్ల స్థలాల కోసం ఏళ్ల తరబడి తిరగాల్సి వచ్చింది. అమ్మిన డబ్బు ఒక్కసారే వస్తుంది. అదే స్థలాన్ని దీర్ఘకాలిక లీజుకు ఇచ్చి ఉంటే ఏటా రాబడి ఉండేది, నేలా ప్రజల పేరు మీదే మిగిలేది.

కేంద్ర కారాగారం విషయంలో 2021లో ప్రభుత్వం వేరే దారి పట్టింది. జైలును కూల్చి అక్కడ 24 అంతస్తుల ఆస్పత్రి తలపెట్టింది. ఆ తొందరపాటు మీద విమర్శలు ఉన్నా, ఆ స్థలాన్ని ప్లాట్లు వేయకపోవడం సరైన పనే.

అసలు పునరభివృద్ధి కావాల్సింది మాత్రం ఎవరూ కొనడానికి ముందుకు రాని చోట. 2023 జులైలో హంటర్ రోడ్డు వైపు ఎన్టీఆర్ నగర్, సంతోషిమాత కాలనీ నీట మునిగాయి. భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. అంతకు మూడేళ్ల ముందు, 2020 ఆగస్టులోనూ నగరం మునిగింది. బొందివాగు లాంటి నాలాల్లో నీళ్లు సాఫీగా పోవాలంటే వెడల్పు పెంచాలి. పెంచాలంటే కొందరి ఇళ్లు కదలాలి. వాళ్లలో చాలామంది రోజు కూలి మీద బతికేవాళ్లే. పని దొరికే చోటికి నడిచి వెళ్లగలిగేంత దగ్గర్లో ఇల్లు ఇవ్వకుండా ఊరి చివరకు పంపితే, ముంపు తప్పినా బతుకుతెరువు పోతుంది. ఈ పనిలో బ్యాంకుకు కట్టడానికి వచ్చే ఆదాయమేమీ ఉండదు. పోయిన స్థలానికి బదులు టీడీఆర్ పత్రాలు, అంటే మరోచోట అదనంగా కట్టుకునే, లేదా ఇతరులకు అమ్ముకునే హక్కు ఇస్తామంటారా? ఎత్తైన కట్టడాలు లేచే హైదరాబాద్‌లో వాటికున్న గిరాకీ ఇక్కడ ఉంటుందనుకోలేం.

నగరం లోపల ఇంత పని ఉండగా 2022లో కుడా చూపు శివార్ల మీద పడింది. ఔటర్ రింగు రోడ్డు చుట్టూ 27 గ్రామాల్లో 21 వేల ఎకరాలకు పైగా సమీకరిస్తామంది. పంట భూములు పోతాయని రైతులు రోడ్డెక్కాక వెనక్కి తగ్గింది. పొలాలను ప్లాట్లుగా మార్చడం తేలిక. నాలా పక్కన వంద కుటుంబాలను ఒప్పించి, ఇళ్లు కట్టించి, ఆ తర్వాతే కదిలించడం కష్టం. ప్రజాధనం కష్టమైన పనికే ముందు అందాలి.

భూగర్భ డ్రైనేజీకి 2024 నవంబరులో రాష్ట్రం నాలుగు వేల కోట్లకు పైగా ప్రకటించడం మంచి పరిణామం. అయితే పైపులు వేయడం వేరు, నాలా పక్క బస్తీలకు ఇళ్లు చూపడం వేరు. కుడా వేలంలో వచ్చిన ప్రతి రూపాయి ఎక్కడ ఖర్చయిందో బల్దియా (నగరపాలక సంస్థ) డివిజన్ల వారీగా బయటపెట్టాలి. అందులో నిర్ణీత వాటాను చట్టం ద్వారా నాలాలకూ, పునరావాసానికీ కట్టిపడేయాలి. కొత్త నిధిలో కేంద్రం పావు, అప్పులూ ప్రైవేటూ కలిపి సగం పోతే, ఇంకో పావు రాష్ట్రమూ బల్దియా సర్దాల్సిందే. ఆ పావును ఏ కాలనీలకు పెడతారో దరఖాస్తు ఢిల్లీకి వెళ్లే ముందే వరంగల్ ప్రజలకు చెప్పాలి.