ఆ మేకులు టూరిస్టుల కోసం కొట్టినవి కావు

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఈ నెలలో మూడోసారి వచ్చిన ఫొటో ఇది. ఆకాశాన్ని తాకుతున్నట్టున్న చెట్టు, మాను చుట్టూ మెలికలు తిరుగుతూ పైకి పోయే ఇనుప మేకులు. కింద రాత: "ఆస్ట్రేలియాలో ఘోరం! ప్రపంచంలోకెల్లా ఎత్తైన చెట్టుకు టూరిస్టుల సరదా కోసం మేకులు కొట్టారు. చెట్టు నిలువునా చచ్చిపోతోంది." మా బాబాయి దాని కింద ఏడుపు బొమ్మ పెట్టారు.

అది గ్లోస్టర్ చెట్టు. పశ్చిమ ఆస్ట్రేలియాలో, పెంబర్టన్ అనే ఊరి పక్కన ఉంది. జాతి పేరు కర్రి. మన కర్రకూ దానికీ సంబంధం లేదు, అది అక్కడి మూలవాసుల మాట.

ముందు ఆ "సరదా" సంగతి. మేకులు కొట్టింది 1947లో, వాటిని మెట్లుగా చేసుకుని పైకెక్కి కార్చిచ్చును కనిపెట్టడానికి. 1937 నుంచి 1952 మధ్య అక్కడ ఇలా ఎనిమిది కర్రి చెట్లను కాపలా మంచెలు చేశారు. మన జొన్నచేలో మంచె ఎక్కినవాడు పిట్టల్ని చూస్తాడు, వీళ్లు పొగను చూసేవాళ్లు. ఈ చెట్టు పనికొస్తుందో లేదో తేల్చడానికి జాక్ వాట్సన్ అనే అటవీ ఉద్యోగి నడుముకు బెల్టు, కాళ్లకు చెట్లెక్కే బూట్లు కట్టుకుని 58 మీటర్లు ఎక్కాడు. మాను చుట్టుకొలతే ఏడు మీటర్ల పైన. 40 మీటర్ల దగ్గర్నుంచి కొమ్మలు అడ్డం. ఎక్కి దిగేసరికి ఆరు గంటలు పట్టింది. ఆ తర్వాత జార్జ్ రేనాల్డ్స్ మేకులు దిగ్గొట్టి, కొమ్మలు నరికి దారి చేశాడు. పైన చెక్క గది కట్టారు. పని జరుగుతుండగా అప్పటి ఆస్ట్రేలియా గవర్నర్ జనరల్, బ్రిటిష్ రాజకుటుంబీకుడు గ్లోస్టర్ డ్యూక్ చూడటానికి వచ్చాడు. చెట్టుకు ఆయన పేరే పెట్టారు.

"టవర్ కట్టుకోవచ్చుగా?" అని గ్రూపులోనే ఒకరు అడిగారు. చుట్టూ ఉన్న అడవే అరవై, డెబ్బై మీటర్లు. దాన్ని మించి చూపు సాగాలంటే టవర్ ఎంతెత్తు కట్టాలి? ఎక్కి చూద్దామంటే చెప్పుకోదగ్గ కొండలూ తక్కువే. పైగా ఒక్క మంచెతో పని జరగదు. ఒకచోటి నుంచి చూస్తే పొగ ఏ దిక్కున ఉందో తెలుస్తుంది, ఎంత దూరమో తెలియదు. రెండు మంచెల వాళ్లు ఫోన్‌లో దిక్కు చెబితే, మ్యాపు మీద రెండు గీతలు కలిసిన చోట మంట ఉన్నట్టు.

మేకుల వల్ల చచ్చిపోతోందా? చెట్టులో ప్రాణమున్న భాగం బెరడు కిందే, పల్చటి పొర. దాన్ని చుట్టూ ఒలిచేస్తే చెట్టు చస్తుంది. విడివిడిగా దిగిన 153 మేకులు అక్కడక్కడా గాయం చేస్తాయంతే. గాయంలోంచి కుళ్లు పట్టే ప్రమాదం మాత్రం ఉంది, అది కాదనను. అయినా డెబ్బై ఏళ్లు దాటినా ఈ చెట్టు నిలబడే ఉంది. ముందుగా పాతబడింది పైనున్న చెక్క గదే. 1973లో దాన్ని తీసేసి ఉక్కు, అల్యూమినియం గది పెట్టారు. ఆ దశాబ్దంలోనే పొగ చూసే పని విమానాల చేతికి పోయింది.

ఇక "ప్రపంచంలోకెల్లా ఎత్తైనది" అన్న మాట. ఆ పేరు కాలిఫోర్నియాలోని హైపీరియన్ అనే రెడ్‌వుడ్‌ది, 115 మీటర్ల పైమాటే. గ్లోస్టర్ 72.

నిజంగా ఉత్సవం కోసం మేకులు కొట్టిన కర్రి చెట్టు పెంబర్టన్ దగ్గరే ఇంకొకటి ఉంది. ఆస్ట్రేలియాలో తెల్లవాళ్ల వలసకు 200 ఏళ్లు నిండాయని 1988లో కొట్టారు. ఏడుపు బొమ్మ పెట్టాల్సిందే అంటే, కనీసం ఫొటో మార్చండి బాబాయ్.