మహారాజశ్రీ సీలింగ్ స్పీకర్ గారికి

కోనసీమ నుంచి ఇంటి యజమాని నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మేమిక్కడ క్షేమం. మీరు మా నెత్తిమీదే ఉన్నారు గనక మీ క్షేమం రోజూ కనిపిస్తూనే ఉంది.

మా తాతగారిది మండువా లోగిలండీ. ఇంటి నడిమధ్య ఆకాశమే, వానొస్తే మండువాలో పడి తూములోంచి పోయేది, గాలి ఎటొచ్చి ఎటు పోతోందో ఎవరూ లెక్క రాయలేదు. అలాంటాయన మనవణ్ణి నేను, కెనడాలో ఉన్న బావమరిది మాట విని, కొబ్బరితోట చివర కలప ఫ్రేముతో గాలి చొరని ఇల్లు కట్టాను. 96 తుఫాను చూసినవాడెవడైనా చెక్క ఇల్లు కడతాడా అని ఊరంతా అడిగింది. కట్టాం. తలుపు స్థానంలో ఫ్యాను బిగించి, ఇంట్లో గాలి బయటికి లాగి, లోపలికీ బయటికీ గాలి ఒత్తిడిలో 50 పాస్కల్స్ తేడా తెచ్చి పరీక్ష కూడా చేయించాం. ఆ ఒత్తిడి దగ్గర గంటకి ఇంటి గాలి 0.6 సార్లకు మించి మారకూడదని, కరెంటు ఆదా చేసే గాలి చొరని ఇళ్లకి కొలతలు పెట్టే పాసివ్ హౌస్ వాళ్ల రూలు. మాది 1 దగ్గర ఆగింది. అయినా బావమరిది వీడియో కాల్‌లో చప్పట్లు కొట్టాడు.

తర్వాత నెలలో మిమ్మల్ని పంపిందీ ఆయనే. పెట్టెలో నలుగురు, మీతోపాటు ఎక్కడ కొయ్యాలో గీసుకోడానికి ఓ గుండ్రటి అట్టముక్క. టీవీ పక్కన బల్లమీద బుద్ధిగా కూర్చునే స్పీకర్లకి ఏం తక్కువండీ? కాదు, మీరు వినపడాలి, కనపడకూడదు.

ఎలక్ట్రీషియన్ కుర్రాడు స్టూలెక్కి “ఆయ్, ఎనిమిదంగుళాల కన్నమేనండి, చిటికెలో అయిపోద్ది” అన్నాడు. అయిపోయింది కూడా. జిప్సం షీటుతోపాటు, దాని పైన గాలి చొరకుండా మేం నెలరోజులు టేపులేసి అతికించిన పొరని కూడా అరిటాకు కోసినట్టు కోసేశాడు. షీటుకీ పొరకీ మధ్య వైర్ల కోసం మేం వదిలింది 40 మిల్లీమీటర్లు, మీ లోతు 100. ఈ తీసివేత ముందే చేసుకోవాల్సింది, తప్పు మాదే. అయినా అట్టపెట్టె మీద వాట్లు వేలెడంత అక్షరాల్లో వేసి, లోతు మాత్రం చీమ తలకాయంత వేస్తే ఎలాగండీ?

మళ్లీ ఫ్యాను పెట్టి, అగరొత్తి వెలిగించి మీ కిందికొచ్చాను. పొగ నిటారుగా లేచి, మీ జాలీ దగ్గరికి చేరగానే అలిగిన కొత్తల్లుడిలా గిరుక్కున తిరిగి నా కళ్లల్లో కొట్టింది. అటక మీది గాలి మీలోంచి ఇంట్లోకి దిగుతోందన్నమాట. 1852కల్లా కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర గోదావరికే ఆనకట్ట కట్టేశాడు, నేను ఎనిమిదంగుళాల దగ్గర ఓడిపోయాను.

కెనడాలో అయితే చలికాలం ఇంట్లోని వెచ్చటి తడిగాలి ఇలాంటి కన్నంలోంచి పైకెక్కి, చల్లటి చెక్కకి తగిలి నీరై, దూలాల్ని మెల్లగా కుళ్లబెడుతుంది. మన దగ్గర అంతా తిరగేసి. చుట్టూ కాలవలు, వరిచేలు, చేపల చెరువులు, వానాకాలంలో గాలి 25 డిగ్రీలకి చల్లబడితే చాలు చెమరుస్తుంది, మేమేమో ఏసీ 24లో పెట్టుకుంటాం. శ్రావణ శుక్రవారం నాడు వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను తిరుగుతుంటే, పైనుంచి దిగిన ఉక్కగాలికి మీ చల్లటి జాలీ సోడాసీసాలా చెమటపట్టి, హాల్లో పూర్ణం ఉండలు చేస్తున్న మా ఆవిడ పళ్లెంలో టప్పున ఒక బొట్టు రాలింది. “ఏవండీ, మీ స్పీకర్ ఏడుస్తోంది” అంది.

చివరికి వడ్రంగి బాబాయి అటకెక్కి, మీకు తలా ఒక ప్లైవుడ్ పెట్టె చేసి, మూలమూలకీ టేపేసి, వైరు దూరేచోట రబ్బరు బుష్ పెట్టి, పెట్టె అంచుల్ని పొరకి అతికించాడు. ఆ ఉక్కలో ఆయన కార్చిన చెమట మీరు కార్చినదానికంటే ఎక్కువే. గాలి ఆగింది. ఇప్పుడు మీకు వెనక చోటు చాలట్లేదట, బేస్ రావట్లేదు, ఎవరో గాబులో తలపెట్టి పాడుతున్నట్టుంది. పెట్టె పెంచుదామంటే పక్కనే దూలం ఉందండీ. అదీ కొయ్యమంటారేమోనని భయంగా ఉంది.

మా ఆవిడ ఫోన్‌ని స్టీలు గ్లాసులో నిలబెట్టి పాటలు వింటోంది. మీరు చిన్నబుచ్చుకోవద్దు. మీకింకేం కావాలో తిరుగు టపాలో తెలియజేయగలరు, కాస్త మెల్లిగా.

ఇట్లు,
స్టూలు మీద నిలబడి, మెడ పట్టేసిన
మీ ఇంటాయన